మేలుకు కీడు ఎదురైన దారి: రెండు వేల ఏళ్ల సింహావలోకనం

యెరూషలేము దేవాలయంలోని సొలొమోను మంటపంలో, చలికాలంలో వచ్చే ఆలయ ప్రతిష్ఠిత పండుగ రోజుల్లో, తన మీదికి రాళ్లెత్తిన జనాన్ని యేసు ఒక ప్రశ్న అడిగాడని యోహాను రాశాడు. మీ కళ్లెదుటే ఇన్ని మంచి పనులు చేశానే, వాటిలో ఏ పనికి ఈ రాళ్లు అన్నది ఆ ప్రశ్న సారాంశం. లూకా ఇంకో సంగతి చెప్పాడు. పదిమంది కుష్ఠరోగులు బాగుపడితే వెనక్కి వచ్చి దణ్ణం పెట్టినవాడు ఒక్కడే. అతడు కూడా యూదులు దూరం పెట్టిన సమరయ జాతివాడు. మేలు పొంది మరిచిపోవడం ఒక సంగతి, మేలు చేసినవాడి మీదే పగబట్టడం మరో సంగతి. సువార్తలు ఈ రెండింటినీ దాచకుండా చెప్పాయి. అందువల్ల క్రైస్తవ విశ్వాసానికి ఈ అనుభవం నడుమ వచ్చిపడినది కాదు, పుట్టుకతోనే వచ్చింది.

ఆ విశ్వాసం పుట్టిన ఇంట్లో ఈ బాధకు భాష అప్పటికే ఉంది. హెబ్రీ కీర్తనల్లో ముప్పై అయిదవదీ నూట తొమ్మిదవదీ మేలుకు కీడు పొందినవాడి గోడే. జబ్బుపడిన వాళ్ల కోసం ఉపవాసాలుండి ప్రార్థించిన మనిషి, తాను కాలుజారిన రోజున వాళ్లే చుట్టూచేరి నవ్వారని మొరపెట్టుకుంటాడు. ఆ కీర్తనల్లో కన్నీళ్లే కాదు, శాపాలు కూడా ఉన్నాయి. సంఘం వాటిని తన ప్రార్థన పుస్తకంలోంచి తీసేయలేదు. శత్రువును ప్రేమించమన్న కొండమీది ప్రసంగాన్నీ, శత్రువును శపించిన ఆ కీర్తనలనూ ఒకే గ్రంథంలో ఉంచుకుంది. ఇది గొప్ప నిజాయితీ అని నా నమ్మకం. గాయపడ్డవాణ్ణి నొప్పి లేదని చెప్పమని ఈ విశ్వాసం అడగలేదు. గాయపడ్డాక చేతులు ఏం చేయాలన్నదాని గురించే మాట్లాడింది.

మొదటి హతసాక్షి స్తెఫను కథను మనవాళ్లు సాధారణంగా అతని ప్రసంగం దగ్గరే మొదలుపెడతారు. అతనికి సంఘం అప్పగించిన పని గురించి చెప్పుకోవడం తక్కువ. యెరూషలేములో రోజువారీ అన్నం పంపిణీలో గ్రీకు మాట్లాడే విధవరాళ్లకు అన్యాయం జరుగుతోందని గొణుగుడు వినిపిస్తే, ఆ పని చూడడానికి ఏడుగురిని ఎన్నుకున్నారు. ఆ జాబితాలో మొదటి పేరు స్తెఫనుది. విధవరాళ్లకు అన్నం పెట్టే పనికి కుదిరిన మనిషిని ఊరి బయటికి లాగి రాళ్లతో చంపారు. ఈ పాపం వాళ్ల మీద మోపవద్దని ప్రార్థిస్తూ అతడు కన్నుమూశాడు. కొట్టేవాళ్లు విడిచిన పైబట్టలకు కాపలా కాసిన యువకుడు సౌలు. కొన్నేళ్లకు అతడే పౌలై ఆ దారిన నడిచాడు.

పౌలుకు ఎదురైన సంఘటన ఇంకా తీవ్రమైనది. ఇప్పటి టర్కీలోని లుస్త్ర పట్టణంలో పుట్టుకుంటివాడు ఒకడు అతని మాటతో లేచి నడిచాడు. ఊరు ఊరంతా పౌలునూ బర్నబానూ దిగివచ్చిన దేవుళ్లని పొంగిపోయి, ఎడ్లనూ పూలదండలనూ తెచ్చి బలి ఇవ్వబోయింది. పొరుగూళ్ల నుంచి కొందరు వచ్చి నూరిపోయగానే ఆ జనమే పౌలును రాళ్లతో కొట్టి, చనిపోయాడనుకుని ఊరి బయటికి ఈడ్చేసింది. అతడు లేచాడు, ఆ ఊళ్లోకే తిరిగి నడిచాడు. మరునాడు దెర్బేకు వెళ్లి, అక్కడి పని ముగిశాక మళ్లీ లుస్త్రకు వచ్చాడు. తరవాతి ప్రయాణంలో అతనికి ఆ ప్రాంతంలోనే తిమోతి దొరికాడు, అతని చివరి సంవత్సరాల వరకూ కొడుకులా వెంట నిలిచినవాడు. రాళ్లు పడ్డ ఊరిని పౌలు తన పటంలోంచి చెరిపేసి ఉంటే తిమోతి లేడు. ఆకలిగొన్న శత్రువుకు అన్నం పెట్టమని సామెతల గ్రంథంలో ఉన్న పాత మాటను అతడు రోమా సంఘానికి గుర్తుచేసింది ఈ అనుభవాల తరవాతే. ఆ ఉత్తరం చేరిన కొన్నేళ్లకే, క్రీ.శ. 64లో రోమ్ తగలబడినప్పుడు, నీరో ఆ నేరాన్ని ఆ సంఘం మీదే మోపాడు.

తరవాతి రెండు శతాబ్దాల్లో ఈ బోధ పుస్తకంలోంచి దిగి వీధిలోకి వచ్చింది. రెండో శతాబ్దం నడుమ స్ముర్నలో వృద్ధుడైన బిషప్ పొలికార్పును పట్టుకోవడానికి రాత్రివేళ సైనికులు వస్తే, ఆయన వాళ్లకు భోజనం పెట్టించి, తాను ప్రార్థించుకోవడానికి కొంత సమయం మాత్రం అడిగాడు. 197 ప్రాంతంలో కార్తేజీలో తెర్తుల్లియను రాసిన సమర్థన గ్రంథాన్ని చూస్తే ఆ సంఘాల దైనందిన జీవితం కనిపిస్తుంది. నెలనెలా ఎవరికి తోచింది వారు వేసిన సొమ్ముతో పేదలకు అన్నం, దిక్కులేని శవాలను పాతిపెట్టడం, అనాథ పిల్లల పోషణ, ఓడ మునిగి వచ్చినవాళ్లకు ఆదరణ, గనుల్లోనూ చెరసాలల్లోనూ ఉన్నవాళ్లకు సాయం. అదే గ్రంథంలో ఆయన ఇంకో నిజం కూడా నమోదు చేశాడు. నది పొంగినా, వానలు కురవకపోయినా, భూమి కంపించినా, తెగులు వచ్చినా జనం కేక ఒక్కటే, క్రైస్తవులను సింహానికి వేయమని.

ఆ కార్తేజీలోనే మూడో శతాబ్దం నడుమ ఈ చరిత్రలో నేను ఎక్కువసేపు నిలబడి చూసే ఘట్టం జరిగింది. 250లో దెకియుస్ చక్రవర్తి హింస. జనం రంగస్థలాల్లో బిషప్ సిప్రియన్ పేరుపెట్టి సింహానికి వేయమని అరిచారు. ఆయన అజ్ఞాతంలోకి పోవలసివచ్చింది. ఆ గాయం ఆరకముందే మహమ్మారి వచ్చింది. తరవాతి చరిత్రకారులు దాన్ని ఆయన పేరుతోనే సిప్రియన్ మహమ్మారి అంటున్నారు. సొంత మనుషులనే వీధిలో వదిలేసి జనం పారిపోతుంటే, ఊరి పెద్దలు కొందరు ఈ తెగులు కూడా క్రైస్తవుల వల్లే వచ్చిందన్నారు. సిప్రియన్ ఆ ఆరోపణకు ఒక గ్రంథంలో సమాధానం రాశాడు. అంతకంటే పెద్ద సమాధానం ఊళ్లో ఇచ్చాడు. ఆయన దగ్గర డీకనుగా పనిచేసిన పోంతియుస్ రాసిన జీవితచరిత్ర ప్రకారం, సంఘాన్ని సమావేశపరిచి మనవాళ్లకు మాత్రమే సేవ చేయడంలో విశేషం లేదనీ, హింసించినవాళ్లకూ చేయాలనీ బోధించాడు. కలిగినవాళ్లు డబ్బు ఇచ్చారు, లేనివాళ్లు ఒళ్లు వంచారు. నిన్న తమను పట్టిచ్చిన ఇంటి గడప నేడు దాటి వెళ్లి రోగులకు నీళ్లు పట్టినవాళ్లు వాళ్లలో తప్పక ఉండి ఉంటారు. వాళ్ల పేర్లు ఏ గ్రంథంలోనూ లేవు.

ఆ సేవకు ఆ నగరం ఇచ్చిన ప్రతిఫలం ఏమిటో కూడా చరిత్రలో ఉంది. 258 సెప్టెంబర్ 14న, వలేరియన్ ఏలుబడిలో, సిప్రియన్ తల నరికారు. చనిపోయే ముందు ఆయన తన తల నరకబోయే తలారికి ఇరవై అయిదు బంగారు నాణేలు ఇవ్వమని తనవాళ్లకు చెప్పాడు. అదే కాలంలో అలెగ్జాండ్రియా బిషప్ దియొనీసియుస్ తన ఉత్తరంలో, రోగుల దగ్గర కూర్చుని వాళ్ల జబ్బు తామే తెచ్చుకుని మరణించిన విశ్వాసుల గురించి రాశాడు. ఆ సంఘమూ అప్పుడే హింసలోంచి బయటపడింది.

ఇంతా చేసి ఫలితం ఏమీ లేదా అంటే, ఉంది. దాన్ని ఒప్పుకున్నది మిత్రుడు కాదు. 361లో సింహాసనమెక్కిన జూలియన్ చక్రవర్తి క్రైస్తవాన్ని విడిచి పాత దేవతల పూజను నిలబెట్టాలనుకున్నాడు. గలతీయ ప్రాంత ప్రధాన పూజారికి రాసిన ఉత్తరంలో, ఈ గలిలీయులు, అంటే క్రైస్తవులు, తమ పేదలనే కాక మన పేదలను కూడా పోషిస్తున్నారు, మనవాళ్లకు మన నుంచి సాయం అందకపోవడం సిగ్గుచేటు అని బాధపడ్డాడు. ఊరూరా సత్రాలు కట్టమని ఆజ్ఞాపించాడు. ప్రత్యర్థి ఈ సేవను చూసి అలాంటి సేవకే పూనుకోవడం, వాళ్లను పొగడడం కంటే గొప్ప సాక్ష్యం. మరో పదేళ్లకు కైసరయలో బసీలు, 368 నాటి కరువులో అన్నదానంతో మొదలుపెట్టి, ఊరి బయట రోగులకూ పరదేశులకూ కుష్ఠువ్యాధిగ్రస్తులకూ ఒక నగరమే కట్టాడు. ఆసుపత్రి అనే వ్యవస్థ చరిత్రలో ఆ ప్రాంగణానికి తొలి పుటల్లో చోటుంది.

ఇక్కడే దారి వంకర తిరిగింది. నిన్నటివరకూ దెబ్బలు తిన్న చేతికి రాజదండం వచ్చింది. 313 తరవాత స్వేచ్ఛ, 380 తరవాత రాజమతం అనే హోదా. అలెగ్జాండ్రియాలో పరబలానులనే సేవకదళం ఉండేది, రోగుల మంచాల దగ్గర ప్రాణాలకు తెగించి పనిచేయడం వాళ్ల వృత్తి. ఆ దళమే అయిదో శతాబ్దం నాటికి బిషప్ వెనక నిలబడి ఊరిని భయపెట్టే గుంపుగా పేరుపడింది. నగరవాసులు రాజధానికి మొరపెట్టుకుంటే, 416లో వాళ్ల సంఖ్య అయిదు వందలు మించరాదనీ, సభలకూ న్యాయస్థానాలకూ గుంపుగా పోరాదనీ చక్రవర్తి శాసనం చేయవలసివచ్చింది. ఆ దశాబ్దాల్లోనే ఆఫ్రికాలో అగస్టీను, మొదట బలప్రయోగం వద్దన్నవాడే, చీలిపోయిన దొనాతు వర్గం మీద రాజ్యశక్తి వాడకాన్ని సమర్థించాడు. యేసు చెప్పిన విందు కథలో బలవంతం చేసి తీసుకురమ్మన్న మాటను అందుకు ఆధారం చేసుకున్నాడు. అన్నానికి పిలిచిన కథ శిక్షకు సాకైంది. తరవాతి వెయ్యేళ్లలో మఠాలు పేదలకు గంజి పోశాయి, రోగులను చూశాయి, చదువును కాపాడాయి. ఆ సంస్థే యూదులను వెళ్లగొట్టింది, మతభ్రష్టులన్నవాళ్లను కాల్చింది. ఈ రెండూ ఒకే పుస్తకంలో రాయవలసిన సంగతులు. ఒకదాన్ని చెప్పి రెండోదాన్ని మింగితే అది చరిత్ర కాదు.

క్రైస్తవ రాజ్యాల్లోనే క్రైస్తవులు చచ్చిన ఆ కాలంలో, అసలు బోధను మళ్లీ గుర్తుచేసినవాళ్లు బలహీనులు. 1569లో నెదర్లాండ్స్‌లోని అస్పెరెన్‌లో డిర్క్ విల్లెమ్స్ అనే సామాన్యుణ్ణి, పెద్దయ్యాక మళ్లీ బాప్తిస్మం తీసుకున్నందుకూ ఇంట్లో రహస్య కూటాలు పెట్టినందుకూ బంధించారు. అతడు గుడ్డపీలికలు ముడివేసి తాడుగా చేసుకుని కిటికీలోంచి దిగి పరుగెత్తాడు. గడ్డకట్టిన చెరువు మీదుగా అతడు దాటాడు, తరుముతూ వచ్చిన భటుడి కింద మంచు పగిలింది. మునిగిపోతున్నవాడి కేక విని డిర్క్ వెనక్కి వచ్చి చేయందించి పైకి లాగాడు. ఆ భటుడికి అతణ్ణి వదిలేయాలనే ఉంది. ఒడ్డున నిలబడ్డ నగరాధికారి ప్రమాణం గుర్తుచేసి గద్దించడంతో పట్టుకోక తప్పలేదు. మే 16న డిర్క్‌ను కాల్చారు. గాలి మంటను పక్కకు తోయడంతో అతని ప్రాణం చాలాసేపు పోలేదని 1660లో అచ్చయిన హతసాక్షుల అద్దం అనే గ్రంథం నమోదు చేసింది. ఆ గ్రంథానికి 1685లో యాన్ లొయ్కెన్ చెక్కిన బొమ్మల్లో, మంచు మీద వంగి శత్రువుకు రెండు చేతులూ చాపిన ఆ మనిషి బొమ్మ, డిర్క్ వర్గానికి వారసులైన మెనొనైటుల ఇళ్లలో తరతరాలుగా ఉంది. ఆ వారసత్వానికే చెందిన అబ్రహాం ఫ్రీజన్ దంపతులు 1889లో రష్యా నుంచి బయలుదేరి నల్గొండ చేరారు. వాళ్ల వెనక వచ్చిన మెనొనైట్ బ్రెదరెన్ మిషన్ పాలమూరు జిల్లాలో బడులూ, జడ్చర్లలో ఆసుపత్రీ నిలబెట్టింది. ఆ చెరువుకూ మన పాలమూరు మెట్టలకూ నడుమ అలా ఒక దారి పడింది.

తెలుగునేల మీదికి ఈ కథ అంతకుముందే వచ్చింది. 1805లో విశాఖపట్నంలో లండన్ మిషన్ వాళ్లు అడుగుపెట్టారు. 1840లో అమెరికా బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరు చేరాడు. పదమూడేళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే కావడంతో, 1853లో అమెరికాలోని బాప్టిస్టు సంఘం ఆ మిషన్‌ను మూసేయడమా నడపడమా అని తర్జనభర్జన పడింది. ఒంటరి నక్షత్రం అనే పేరు దానికి అప్పుడే స్థిరపడింది. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ దొరగారి కాలంలో ఆ నక్షత్రం చుట్టూ జనం చేరారు.

ఈ చరిత్ర రాసేవాళ్లు ఎక్కువగా దొరల ఓర్పు గురించి రాశారు. నాకు మాత్రం ఇందులో ముందు నిలబడేవాడు తాళ్లకొండపాడు మాదిగపల్లెకు చెందిన ఎర్రగుంట్ల పేరయ్య. తోళ్ల వ్యాపారం చేస్తూ, యోగమార్గంలో గురువుల దగ్గర సాధన చేసి, ఆపైన క్రీస్తును నమ్మినవాడు. అతని వెనక అతని చుట్టాలూ, పక్క ఊళ్ల పల్లెలూ కదిలాయి. వాళ్లు ఊరికి ఏమి చేశారో తలుచుకోవాలి. రైతు కాలికి చెప్పులు, ఎద్దు మెడకు పట్టెడలు, మోటకు తోలు తొండం, చచ్చిన పశువును మోసుకుపోవడం, జాతరకు డప్పు, పొలంలో వెట్టి. తరతరాలుగా ఊరు వాళ్ల చేతి పని మీద బతికింది. ఆదివారం పని మానుతాం, జాతర డప్పు కొట్టం, చచ్చిన గొడ్డు మాంసం తినం అని వాళ్లు చెప్పగానే ఆ ఊరే తిరగబడింది. బావి దగ్గరికి రానివ్వలేదు, వీధుల్లో నడవనివ్వలేదు. కుమ్మరికి కుండలు అమ్మవద్దనీ చాకలికి బట్టలు ఉతకవద్దనీ కట్టడి చేశారు. చెప్పులు కుట్టే పనీ తీసేశారు. కరణాలూ మునసబులూ కేసులు పెట్టించారు. కాబట్టి మేలుకు కీడు అన్న మాట తెలుగునేల మీద ముందుగా వర్తించేది సముద్రం దాటి వచ్చినవాళ్లకు కాదు, ఊరిని తన తోలుతో నడిపించిన మాదిగకు. ఒంగోలులో క్లౌ బడికి మాదిగలు వస్తారనగానే పై కులాల పిల్లలు లేచిపోయి బడి ఖాళీ అయింది. పెద్దకులాల ఆదరణ కావాలా పల్లె కావాలా అన్న ప్రశ్న ఆయన ముందు నిలిచింది. ఆయన పల్లెను ఎంచుకున్నాడు.

అటువంటి వెలి నడుస్తుండగానే 1876లో ధాత కరువు వచ్చింది. రెండేళ్లపాటు దక్షిణాది పల్లెలను తుడిచిపెట్టిన కరువు అది. మిషన్‌లోకి రాకముందు అమెరికాలో సర్వే పని చేసిన క్లౌ, ప్రభుత్వం నుంచి బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం గుత్తకు తీసుకున్నాడు. రాజుపాలెం దగ్గర తాటాకు పాకలు లేచాయి, మంచినీళ్ల బావులు తవ్వారు. తెలుగు బోధకులే మేస్త్రీలై పని చూశారు. పనికి వచ్చినవాళ్లలో పల్లె జనమే కాదు, వాళ్లను వెలివేసిన కులాలవాళ్లు కూడా ఉన్నారు. కలరా తగిలి మనుషులు రాలిపోతుంటే ఆ శవాలనూ ఎత్తవలసివచ్చింది. బావి ముట్టనివ్వని ఊళ్ల మనుషులకు ఆ మాదిగ బోధకుల పర్యవేక్షణలో కూలీ అందింది. ఒక తాడుతో తోడిన నీళ్లు వేర్వేరు కులాలవాళ్లు తాగారో లేదో గాని, ఒక కాలువ మట్టి అందరూ మోశారు.

ఆ సేవకూ అనుమానమే ఎదురైంది. బియ్యం కోసం మతం మారారన్న నింద అప్పుడు మొదలై నేటికీ వినిపిస్తోంది. దానికి జవాబు తేదీలలోనే ఉంది. కూలీ చేతిలో పడుతున్న పదిహేను నెలలూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. సహాయనిధి అయిపోయిందనీ, ఇక పంచడానికి ఏమీ లేదనీ తేలిన తరవాతే తలుపు తెరిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ గుంపుల జీవితాన్నీ వాళ్ల పాత గురుపరంపరలనూ క్లౌ సహధర్మచారిణి ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో పుస్తకంగా రాసింది. తెలుగు దళిత చరిత్ర చదివేవాళ్లకు నేటికీ అది ముఖ్యమైన ఆధారం.

అయితే తెలుగునేల అంతా మేలుకు కీడే తిరిగి ఇచ్చిందనడం అన్యాయం. 1883లో గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కూగ్లర్‌ను మొదట్లో అగ్రకులాల ఇళ్లు అంటరానిదానిగానే చూశాయి. ఆమె 1930లో అక్కడే కన్నుమూసేనాటికి ఆమె ఆసుపత్రి పేరు ఊరూరా తెలుసు. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ కుష్ఠురోగుల ఆసుపత్రి కట్టబోతే, రాజా నర్సాగౌడ్ లక్ష రూపాయలు విరాళమిచ్చాడు. ఆ రోజుల్లో అది ఎంత పెద్ద మొత్తమో మన తాతలకు తెలుసు. మరోవైపు గుర్రం జాషువా జీవితం చూస్తే, కులం వల్ల సవర్ణ సమాజం చేతిలోనూ, పురాణగాథలు కవిత్వంగా రాస్తున్నాడన్న సాకుతో క్రైస్తవ పెద్దల చేతిలోనూ ఆయన వెలివేత అనుభవించాడు. 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది ఆయన క్రీస్తు చరిత్రకే. తనను తరిమిన సంఘం దేవుడి కథను ఆయన ఆ సంఘం కంటే అందంగా తెలుగువాళ్లకు ఇచ్చాడు.

ఇరవయ్యో శతాబ్దం మేలును నేరంగా మార్చే రాజ్యాలను చూపించింది. హాలెండులోని హార్లెంలో గడియారాలు బాగుచేసే టెన్ బూమ్ కుటుంబం, నాజీల నుంచి యూదులను ఇంట్లో దాచినందుకు 1944 ఫిబ్రవరిలో అరెస్టయింది. ముసలి తండ్రి పది రోజులకే జైల్లో పోయాడు. చెల్లెలు కోరీతో పాటు రావెన్స్‌బ్రుక్ శిబిరంలో ఉన్న అక్క బెట్సీ అక్కడే చనిపోయింది. 1947లో మ్యూనిక్‌లో కోరీ ప్రసంగం విన్నవాళ్లలోంచి ఆ శిబిరం కాపలాదారు ఒకడు వచ్చి చేయి చాపాడు. తన చేయి లేవలేదనీ, మనసులో ప్రేమ ఏమీ పుట్టలేదనీ ఆమె దాచకుండా రాసింది. ప్రార్థించి, చేయి మాత్రం ముందుకు చాపింది. భావం ఆ తరవాత వచ్చింది. కార్తేజీ నుంచి మ్యూనిక్ దాకా ఈ చరిత్రలో వరుస అదే.

అల్జీరియాలోని తిబిరీన్ మఠంలో బ్రదర్ లూక్ అనే వైద్యుడు అర్ధశతాబ్దం పాటు చుట్టుపక్కల ముస్లిం పల్లెలకు ఉచితంగా వైద్యం చేశాడు. 1993 క్రిస్మస్ ముందురోజు రాత్రి ఆయుధాలతో వచ్చిన దళం డాక్టరును తమవెంట పంపమని అడిగింది. డాక్టరు రాడు, జబ్బుపడినవాడు ఎవడైనా ఇక్కడికి వస్తే చూస్తాం అని మఠాధిపతి క్రిస్టియన్ ద షెర్జే చెప్పి పంపాడు. 1996 మార్చిలో ఏడుగురు సన్యాసులను ఎత్తుకుపోయారు. మేలో వాళ్ల మరణవార్త వచ్చింది. ద షెర్జే తనను చంపబోయేవాణ్ణి ముందుగానే క్షమిస్తూ మరణపత్రం రాసిపెట్టి ఉన్నాడు. ఆయన జీవితాన్ని మలిచిన సంఘటన మాత్రం యువకుడిగా సైన్యంలో ఉన్నప్పటిది. మొహమ్మద్ అనే అల్జీరియా ముస్లిం, పదిమంది పిల్లల తండ్రి, ఒక గొడవలో అడ్డుపడి ఆయన ప్రాణం కాపాడాడు. మరునాడు ఆ మొహమ్మద్‌ను చంపేశారు. మేలు చేసి చావు పొందడం క్రైస్తవుల సొత్తు కాదని ఆయనకు జీవితాంతం తెలుసు. ఈ చరిత్ర రాసేవాళ్లూ అది మరవకూడదు.

మన పొరుగున ఒడిశాలో మిషనరీ గ్రాహం స్టెయిన్స్ 1965 నుంచి బారిపదాలో కుష్ఠురోగుల మధ్య పనిచేశాడు. 1999 జనవరి 22 అర్ధరాత్రి దాటాక, కేంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో, జీపులో నిద్రిస్తున్న ఆయన్నీ, ఆయన కొడుకులు పదేళ్ల ఫిలిప్‌నూ ఆరేళ్ల తిమోతినీ గుంపు సజీవదహనం చేసింది. లుస్త్రలో దొరికినవాడి పేరే ఆ చిన్నవాడిది. ఆయన భార్య గ్లాడిస్ స్టెయిన్స్ హంతకులను క్షమించానని చెప్పింది. చట్టం తన పని తాను చేసుకోవాలనీ చెప్పింది. క్షమనూ న్యాయాన్నీ ఆమె కలగలపలేదు. 2011లో సుప్రీంకోర్టు యావజ్జీవ శిక్షను ఖాయం చేసింది. ఆమె 2004 దాకా బారిపదాలోనే ఉండి కుష్ఠురోగుల ఆశ్రమాన్ని నడిపింది. ఆ ఏడే భర్త పేరుతో ఆసుపత్రి తెరిచింది. 2005లో భారత ప్రభుత్వం ఆమెకు పద్మశ్రీ ఇచ్చింది.

అమెరికాలో చార్ల్‌స్టన్ నగరపు ఇమాన్యుయేల్ చర్చి నల్లజాతి విశ్వాసుల చరిత్రలో అతి పాత సంఘాల్లో ఒకటి. 1822లో బానిసల తిరుగుబాటు పథకం బయటపడిన తరవాత దాని మందిరాన్ని నేలమట్టం చేశారు. మళ్లీ కట్టుకున్నారు. 2015 జూన్ 17, బుధవారం సాయంత్రం బైబిలు అధ్యయనానికి ఒక తెల్ల యువకుడు వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టారు. గంటసేపు వాళ్లతో కూర్చుని, కళ్లు మూసుకుని ప్రార్థిస్తున్నవాళ్లలో తొమ్మిదిమందిని కాల్చి చంపాడు. వాళ్లు అంత మంచిగా చూసినందుకు ఒక దశలో వెనక్కి తగ్గబోయానని తరవాత పోలీసులకు చెప్పాడు. రెండు రోజులకు కోర్టులో చనిపోయినవాళ్ల బంధువులు కొందరు అతణ్ణి క్షమిస్తున్నామన్నారు. ఇంకొందరు ఆ మాట అనలేదు, అనలేకపోయారు. కీర్తనల గ్రంథంలో వాళ్లకూ చోటుంది. తరవాతి బుధవారం అదే గదిలో బైబిలు అధ్యయనం మళ్లీ జరిగింది. ముందువారం పన్నెండుమంది కూర్చున్న చోట ఈసారి వందమందికి పైగా కూర్చున్నారు, వాళ్లలో చాలామంది ఆ సంఘానికి కొత్తవాళ్లు.